‘పెట్స్ అలవ్డ్’ అన్న మాటను ఎంతవరకు నమ్మొచ్చు: మల్లితో ఐదేళ్ల ప్రయాణాలు

మా మల్లి నాటు కుక్క, పద్దెనిమిది కిలోలు. దాన్ని ఎవరి దగ్గరో వదిలి ఊరెళ్తే మాకు మనసొప్పదు. అందుకే ఐదేళ్లుగా వికారాబాద్, హంపి, అరకు, కూర్గ్ ఎక్కడికైనా వెంట తీసుకెళ్తున్నాం. ఎప్పుడూ మా కారులోనే. రైల్లో అయితే కుక్క మన దగ్గరే ఉండాలంటే ఫస్ట్ ఏసీలో కూపేనో క్యాబినో మొత్తం మనకే రావాలి. లేకపోతే గార్డు బోగీలో డాగ్ బాక్సులో ఒంటరిగా వెయ్యాలి. అది మా వల్ల కాలేదు.

బుకింగ్ యాప్‌లలో ‘పెట్స్ అలవ్డ్’ అని ఫిల్టర్ ఉంటుంది. వెతకడం మొదలుపెట్టడానికి పనికొస్తుంది, అంతవరకే. మొదటిసారి కూర్గ్ వెళ్లినప్పుడు దాన్నే నమ్మి డబ్బంతా ముందే కట్టేశాం. తెల్లవారుజామున నాలుగింటికి హైదరాబాద్‌లో బయల్దేరితే చేరేసరికి రాత్రి తొమ్మిది దాటింది. ఒకటే వాన. రిసెప్షన్‌లో అబ్బాయి మల్లిని చూసి, “కుక్కను రూములోకి రానివ్వం సార్, వెనకాల కెన్నెల్ ఉంది” అన్నాడు. వెళ్లి చూస్తే జనరేటర్ పక్కన ఇనుప జాలీ, కింద తడి సిమెంటు. మల్లి వెనక్కి వెనక్కి జరిగి నా కాళ్ల మధ్య దూరింది. ఒళ్లంతా వణుకు. మా ఆవిడ ఒక్క మాట కూడా మాట్లాడకుండా వెళ్లి కారెక్కింది. ఆ రాత్రి ముగ్గురం కారులోనే పడుకున్నాం. కట్టిన డబ్బు తిరిగి రాలేదు.

అప్పటినుంచి ఓనరుతో ఫోన్లో మాట్లాడందే రూపాయి కూడా కట్టడం లేదు. మొదట అడిగేది ఒక్కటే: రాత్రి కుక్క మా గదిలోనే పడుకోవచ్చా? దీనికి నీళ్లు నమిలితే ఆ చోటు వదిలేస్తాం. తర్వాత మల్లి ఫోటో పంపి, బరువు చెప్తాం. “ల్యాబ్రడార్ అయితే పర్లేదండీ, వీధి కుక్క వద్దు” అన్నవాళ్లు ఇద్దరున్నారు. ఆ మాట గుచ్చుకుంది, కానీ గేటు దగ్గర వినేకన్నా ఫోన్లో వినడమే నయం. వాళ్ల కుక్కలుంటే కట్టేసి ఉంచుతారా, చుట్టూ కంచె ఉందా, చిరుతలు తిరుగుతాయా అని కూడా అడగాలి. కొండల్లో ఈ చివరి ప్రశ్న చాలా ముఖ్యం. ఒప్పుకున్నవన్నీ వాట్సాప్‌లో రాయించుకుంటాం.

నా అనుభవంలో పెద్ద రిసార్టులకన్నా, ఇంటివాళ్లు అక్కడే ఉండే హోమ్‌స్టేలు ఎంతో మేలు. రెండోసారి కూర్గ్‌లో ఒక కాఫీ తోటలో దిగాం. ఆ ఇంటి పెద్దావిడ, మేం అడక్కుండానే, ఉల్లిపాయ వెయ్యకుండా కోడి ఉడికించి అన్నంలో కలిపి తెచ్చారు. కుక్కలకు ఉల్లి విషమని ఆవిడకు తెలుసు. ఇంటి నుంచి తెచ్చిన పాత దుప్పటి పరిస్తే, మల్లి దాని మీద మూడుసార్లు గుండ్రంగా తిరిగి, గడప మీద గడ్డం ఆనించి నిద్రపోయింది. కొత్త చోట అది అంత తొందరగా పడుకోవడం అదే మొదలు.

ఖర్చు ఎక్కువే. మా దగ్గర కుక్కకు విడిగా రాత్రికి 500 నుంచి 1500 దాకా తీసుకున్నారు. కొన్ని చూడలేం కూడా. హంపిలో విరూపాక్ష ఆలయానికి వంతులవారీగా వెళ్లాం, ఒకరు బయట మల్లితో కూర్చుని. కూర్గ్ పక్కనున్న నాగరహొళె అడవిలో సఫారీ అయితే పూర్తిగా వదులుకున్నాం. రేబిస్ టీకా పుస్తకం మాత్రం ఎప్పుడూ కారులోనే ఉంటుంది, చాలాచోట్ల చూపించమన్నారు.

పిడుదుల సంగతి మాకు ముందు తెలియలేదు. అరకు నుంచి వచ్చిన రెండు వారాలకు మల్లి అన్నం మానేసింది. పిడుదుల వల్ల వచ్చే జ్వరమని డాక్టరు చెప్పారు, నాలుగు వారాలు మందులు వాడాం. ఇప్పుడు బయల్దేరే ముందే వాటికి మందు వేయిస్తున్నాం. రోజూ సాయంత్రం గదికి రాగానే టార్చి వేసి చెవుల లోపల, కాలివేళ్ల సందుల్లో వెతుకుతాం. మల్లికి ఇది అలవాటైపోయింది, తనే పంజా చాపుతుంది.