కాల్‌స్టాక్ నుంచి కొటీల్ క్వే వాక్: కుక్క ఉన్నవాళ్ళకి 5కి 4.5

ఇంగ్లండ్‌లో ప్లిమత్ వైపు వచ్చి, వెంట కుక్క కూడా ఉండి, పెద్దగా కొండలెక్కే ఓపిక లేకపోతే ఈ వాక్‌కి వెళ్ళండి. కార్న్‌వాల్‌లో కాల్‌స్టాక్ ఊరి నుంచి కొటీల్ క్వే (పాత పడవల రేవు) దాకా టేమర్ నది ఒడ్డునే దారి, పోనూ రానూ కలిపి మూడు మైళ్ళు అటూ ఇటుగా, మధ్యలో అడవిలో ఒక్క ఎక్కుడు తప్ప కష్టం ఏమీ లేదు. స్ట్రోలర్‌తో మాత్రం వద్దు.

కారు వద్దు, ప్లిమత్ నుంచి ట్రైన్‌లోనే వెళ్ళండి. కుక్కకి టికెట్ లేదు, మనిషికి రెండు కుక్కల దాకా ఫ్రీ. బియర్ ఆల్స్టన్ స్టేషన్‌లో డ్రైవర్ దిగి రెండో చివరికి నడిచెళ్ళి బండిని వెనక్కి నడుపుతాడు, ఆ తర్వాత మెల్లగా కాల్‌స్టాక్ వయాడక్ట్ (నది మీది ఎత్తైన రైలు వంతెన) మీదకి వస్తుంది, కిటికీ సీటు దొరికితే వదలకండి. 12 ఆర్చ్‌లు, 120 అడుగుల ఎత్తు, చూస్తే రాయిలాగే ఉంటుంది కానీ మొత్తం కాంక్రీట్ దిమ్మెలు. 1908లో తెరిచారు, తమాషా ఏంటంటే ఎగువన నదికి అవతల డెవాన్ వైపు ఒకప్పుడు యూరప్‌లోనే పెద్ద రాగి గని అనిపించుకున్న డెవాన్ గ్రేట్ కన్సోల్స్ అప్పటికే మూతపడింది, అంటే రైలొచ్చేసరికి సరుకు అయిపోయింది!

స్టేషన్ నుంచి కిందికి దిగి ఆర్చ్‌ల కిందుగా వెళ్తే కొంత దూరం సన్న రోడ్డే, అప్పుడప్పుడు కార్లొస్తాయి, లీష్ తీయకండి. తర్వాత డేన్స్‌కూంబ్ లోయ వస్తుంది, నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. చెట్ల మధ్య ఐవీ తీగ కప్పేసిన పాత గోడలు, అవన్నీ రాగి, ఆర్సెనిక్ అనే విషం తీసిన గనులవి. రాగి తగ్గిపోయాక ఈ చుట్టుపక్కల చాలా గనులు ఆర్సెనిక్ మీదే బతికాయి, ఖనిజాన్ని బట్టీలో కాల్చి ఆ పొగని పొడవాటి గొట్టం దారుల్లో చల్లారనిస్తే గోడలకి తెల్లగా పేరుకునేది, దాన్ని మనుషులే లోపలికెళ్ళి గీకి తీసేవాళ్ళు, ముక్కుల్లో దూది, ఒంటికి బంకమట్టి, అంతే రక్షణ. ఆ సరుకు అమెరికాలో పత్తి చేల మీద పురుగుమందుగా చల్లడానికి వెళ్ళేది. కొంచెం లోపలికెళ్తే ఒక ఇంజన్ హౌస్‌ని (గని ఇంజన్ ఉండే పాత కట్టడం) బాగుచేసి హాలిడేకి అద్దెకిస్తున్నారు, కిటికీలోంచి తొంగి చూడకండి, లోపల ఎవరో టీ తాగుతూ ఉంటారు.

కుక్కవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి: ఈ శిథిలాల దగ్గర తవ్వనివ్వకండి, గుంటల్లో నీళ్ళు తాగనివ్వకండి, ఆ మట్టిలో ఆర్సెనిక్ ఇంకా ఉంటుంది. నీళ్ళ బాటిల్, గిన్నె వెంట ఉంచుకోండి.

పైన అడవిలో చిన్న చాపెల్ ఉంటుంది. రాజు మూడో రిచర్డ్ మనుషులు తరుముతుంటే కొటీల్ యజమాని రిచర్డ్ ఎజ్‌కంబ్ టోపీలో రాయి పెట్టి నదిలోకి విసిరాడట, వాళ్ళు మునిగిపోయాడనుకుని వెళ్ళిపోయారట, బతికి బయటపడ్డందుకు తర్వాత ఈ గుడి కట్టించాడట. అక్కడ నించుని కిందికి చూస్తే నమ్మబుద్ధేస్తుంది, అంత నిటారుగా ఉంటుంది, ఆ అంచు దగ్గర కూడా లీష్ గట్టిగా పట్టుకోండి.

క్వే దగ్గర సున్నపు బట్టీలు, 1899లో కట్టిన షామ్‌రాక్ అనే పాత సరుకు పడవ, టీ తాగడానికి చోటు అన్నీ ఉన్నాయి. కొటీల్ పాత బంగళా లోపలికి అసిస్టెన్స్ డాగ్స్‌ని (వికలాంగులకి సాయపడే కుక్కలు) తప్ప రానివ్వరు, కాబట్టి అది చూడాలంటే ఇద్దరు వంతులేసుకోవాలి, నేనైతే కుక్క ఉన్న రోజు ఆ ఊసే ఎత్తను. ఇక్కడ నదికి ఆటుపోట్లున్నాయి, నీళ్ళు తగ్గిన టైమ్‌లో ఒడ్డంతా మోకాలి లోతు బురద, మావాడికి అదే స్వర్గం, తిరుగు ట్రైన్‌లో పక్క సీటువాళ్ళకి కాదు. పాత టవల్ ఒకటి పెట్టుకోండి, టైడ్ టైమ్స్ చూసుకుని బయల్దేరండి.

అర మార్కు ఎందుకు కోశానంటే ట్రైన్లు. దాదాపు రెండు గంటలకొకటి, తప్పిపోతే ఆ బురద కుక్కతో స్టేషన్ బెంచీ మీద కూర్చోవాలి.