లోపలి పులిపిర్లకని ఫోన్లో అమ్మే చుక్కల మందు కొనకండి

నాలుగు నెలలు సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు. నిన్న అదే ప్రకటన మా పిన్ని ఫోన్లో మళ్లీ కనపడింది, అందుకే రాస్తున్నాను. "రహస్య భాగాల్లో పులిపిర్లు, లోపలివైనా సరే, పదకొండు రోజుల్లో రాలిపోతాయి. ఎవరికీ చూపించుకోనక్కర్లేదు." ఆ చివరి మాటకే నేను పడిపోయాను.

మాది రాజాం దగ్గర పల్లె. స్నానం చేస్తుంటే యోని ద్వారం దగ్గర ఆవగింజంత బుడిపెలు చేతికి తగిలాయి. నొప్పి లేదు, కొంచెం దురద. నెల తిరిగేసరికి గుత్తిలా అయ్యాయి. ఆ నంబరుకి ఫోన్ చేస్తే డాక్టరునని చెప్పినతను ఏమీ చూడకుండానే "లోపల కూడా ఉంటాయి మేడమ్, పెద్ద కోర్సు తీసుకోండి" అన్నాడు. 4,850 రూపాయలు కట్టాను.

పార్సిల్లో ఒక చిన్న గాజు సీసా, అరవై క్యాప్సూల్స్, కాస్త దూది. సీసా మీద ఆకుల బొమ్మ ఉంది గానీ అందులో ఏం కలిపారో లేదు. బ్యాచ్ నంబరు లేదు, లైసెన్సు నంబరు లేదు, ఎక్స్‌పైరీ తేదీ లేదు. మూత తీస్తుంటే ఒక చుక్క బాత్‌రూమ్ గచ్చు మీద పడింది. బుస్సుమని నురగ వచ్చి రూపాయి బిళ్లంత మేర తెల్లబడింది. అది కళ్లారా చూసి కూడా దూదికి అద్ది లోపల పెట్టుకున్నాను. ఎలా పెట్టుకున్నానా అని ఇప్పటికీ ఏడుపొస్తుంది.

రాత్రంతా కారం రాసినట్టు మంట. ఒంటికి వెళ్లాలంటే ప్రాణం పోయేది. ఫోన్ చేస్తే "మంటంటే వేరు కాలుతున్నట్టే మేడమ్, మానకండి" అన్నాడు. మూడో రోజుకి తెల్లటి పొరలు ఊడి రక్తం కనపడింది. మళ్లీ చేస్తే నా నంబరు బ్లాక్ చేసేశాడు.

మా వదిన నా నడక చూసి పసిగట్టింది. "చెప్పకపోతే చచ్చిపోతావే" అని శ్రీకాకుళం ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లింది. డాక్టరమ్మ ఒక్క మాట తిట్టలేదు. "ముందు ఈ కాలిన పుండు మాననీ తల్లీ" అన్నారు. రెండు వారాల తర్వాత యోనిని తెరిచి చూసే స్పెక్యులమ్ అనే పరికరం పెట్టి చూస్తే యోని గోడ మీద మూడు పులిపిర్లు అలాగే ఉన్నాయి. ఆ చుక్కలు కాల్చింది మంచి చర్మాన్ని!

ఆవిడ చెప్పినవి మీకూ తెలియాలి. ఇవి హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వస్తాయి. పదింటిలో తొమ్మిది దాని 6, 11 రకాలవే. క్యాన్సర్‌కి ముఖ్యంగా కారణమయ్యే 16, 18 వేరు. అయినా గర్భాశయ ముఖద్వారంలో క్యాన్సర్ ముందు మార్పులేమైనా ఉన్నాయా అని చూసే పాప్ పరీక్ష చేయించుకోమన్నారు. పులిపిర్లు ఉన్నాయా లేవా అన్నది రక్తపరీక్షలో తెలియదు, డాక్టరు కళ్లతో చూడాల్సిందే. మలద్వారం లోపలైతే ప్రాక్టోస్కోప్ అనే చిన్న గొట్టంతో చూస్తారు. వాటిని మొలలనుకుని మొలల మందు వాడేవాళ్లూ ఉంటారట. సిఫిలిస్ అనే సుఖవ్యాధిలో వచ్చే బుడిపెలు కూడా ఇలాగే కనిపిస్తాయి కాబట్టి దానికి వీడీఆర్‌ఎల్ అనే రక్తపరీక్ష, దాంతోపాటు హెచ్‌ఐవీ పరీక్ష చేశారు. అనుమానంగా ఉన్నా, గర్భాశయ ముఖద్వారం మీద ఉన్నా ముందు చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. కొందరికైతే అవి పులిపిర్లే కావు, సహజంగా ఉండే మామూలు చర్మమే. చూడకుండా మందిచ్చేవాడికి ఇవన్నీ ఎలా తెలుస్తాయి?

పొడోఫిలోటాక్సిన్, ఇమిక్విమోడ్ లాంటివి ఇంట్లో రాసుకోమని డాక్టరు ఇచ్చినా, బయటి పులిపిర్లకే. కాళ్ల ఆనెలకి మెడికల్ షాపులో దొరికే మందు ఇక్కడ అసలు రాయకూడదు. లోపలివాటికి ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించడమో, యాసిడ్ ముట్టించడమో, కరెంటుతోనో లేజర్‌తోనో తీసెయ్యడమో, ఏదైనా డాక్టరు చేతిలోనే జరగాలి. గర్భిణులైతే ఆ సంగతి ముందే చెప్పాలి, కొన్ని మందులు వాళ్లకి పనికిరావు.

నాకు యాసిడ్‌తోనే చేశారు. పుల్ల చివర చుట్టిన దూదిని పులిపిరి తలకి మాత్రం ముట్టించి, తెల్లబడి ఆరేదాకా కదలనివ్వలేదు. చురుక్కుమంది, అంతే. వారానికోసారి, నాలుగుసార్లు. మూడు నెలల్లోపు మళ్లీ రావచ్చని కూడా చెప్పారు. పులిపిరి పోయినా వైరస్ ఒంట్లో ఉండిపోవచ్చు, దాన్ని చంపే క్యాప్సూల్ ఏదీ లేదు. అందుకే "గ్యారంటీ, మళ్లీ రావు" అనేవాణ్ని నమ్మకండి.

ఇది శారీరక సంబంధంతో అంటుకునేది కాబట్టి మా ఇంట్లో ఎవరివల్ల వచ్చిందని పెద్ద గొడవే అయ్యింది. ఈ వైరస్ నెలలు, ఏళ్లు కూడా బయటపడకుండా ఉంటుందని, ఎప్పుడు అంటిందో ఎవరూ తేల్చలేరని డాక్టరమ్మ మా ఆయన్ని కూర్చోబెట్టి చెప్పారు. తనూ చూపించుకున్నాడు.

జిల్లా ప్రభుత్వాసుపత్రుల్లో సురక్ష క్లినిక్ అని ఉంటుంది, అడగండి. ఇలాంటివి ఉచితంగా చూస్తారు. అమ్మినవాళ్ల మీద వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పాను, డబ్బులింకా రాలేదు. ఆ సీసా ఇప్పటికే మీ ఇంట్లో ఉంటే ఒక్క చుక్క కూడా వాడకండి. పారబోయకండి కూడా. వాడి ఉంటే బిల్లుతో సహా ఆసుపత్రికి పట్టుకెళ్లండి, దేనితో కాలిందో వాళ్లకి తెలియాలి.