అతుకు కనిపించే బొమ్మలు: కొలాజ్ టారో కట్టలతో తొమ్మిదేళ్లు

టారో అంటే జోస్యం చెప్పడానికి వాడే పేకలాంటి 78 ముక్కల బొమ్మల కట్ట. రోజూ పొద్దున అందులోంచి ఒక ముక్క తీసి, దాన్ని చూసి నోటు పుస్తకంలో మూడు వాక్యాలు రాసుకోవడం తొమ్మిదేళ్లుగా నాకు అలవాటు. జోస్యం కోసం కాదు, ఒక బొమ్మ ముందు పది నిమిషాలు కదలకుండా కూర్చోవడం కోసం. ఇన్నేళ్లలో నా చేతిలో ఎక్కువ కాలం నిలిచినవన్నీ కొలాజ్ కట్టలే. అంటే ఎక్కడెక్కడి బొమ్మలనో కత్తిరించి కొత్త బొమ్మగా కూర్చినవి. కొన్న వారంలోనే రాసే సమీక్షలు చాలా ఉంటాయి. 78 ముక్కలూ మళ్లీ మళ్లీ చేతికి వచ్చి, అంచులు మాసిపోయాక ఏ కట్ట ఇంకా మాట్లాడుతోందో, ఏది మూగబోయిందో చెప్పాలని ఇది రాస్తున్నాను.

నేను ముందుగా చూసేది అతుకు. ఒక బొమ్మ ముగిసి ఇంకొకటి మొదలయ్యే చోటును కళాకారులు దాచారా, చూపించారా, దాచబోయి దొరికిపోయారా? రంగులు, బంగారు పూత, పెట్టె అందం మొదటి నెలలో చేసే పని చేసేస్తాయి. ఆ తర్వాత కన్ను వెళ్లి ఆగేది అతుకు దగ్గరే.

నా మొదటి కట్ట కాట్ బ్లాక్ రూపొందించిన గోల్డెన్ టారో. మధ్యయుగాల నుంచి, పునరుజ్జీవన కాలం నుంచి యూరప్ చిత్రాల్లోని ముఖాలు, చేతులు, గుడ్డ మడతలు, కొండలు తీసుకుని ఆమె కంప్యూటర్‌లో కొత్త సన్నివేశాలు కూర్చారు. ఆ సన్నివేశాలకు వెన్నెముక 1909లో లండన్‌లో వెలువడిన రైడర్ కట్ట, అందులో పమేలా కోల్మన్ స్మిత్ గీసిన బొమ్మలు. కాబట్టి ఆ పాత కట్ట తెలిసినవారికి ఇది కొత్త ఊరిలా ఉండదు, తెలిసిన వీధిలో కొత్త మనుషులు ఎదురైనట్టు ఉంటుంది.

మొదటి ఏడాది నాకు ఒక్క అతుకూ కనబడలేదు. ఒకే చిత్రకారుడు 78 బొమ్మలూ వేశాడేమో అనిపించేంతగా రంగులు కలిసిపోయాయి. రెండో ఏడాదిలో కనబడడం మొదలైంది, అదీ నీడల్లో. బంగారు రేకు నేపథ్యం మీద వేసిన పాత ఇటాలియన్ పలకల్లో వెలుగుకు దిక్కు ఉండదు, అది బంగారంలోంచే వస్తున్నట్టు ఉంటుంది. 15వ శతాబ్దపు ఫ్లెమిష్ తైలవర్ణ చిత్రాల్లో వెలుగు పక్క కిటికీలోంచి వస్తుంది, ముక్కుకు ఒకవైపు నీడ పడుతుంది. ఈ రెండు లోకాల మనుషులు ఒకే నేల మీద నిలబడితే రంగులు ఎంత సర్దినా వెలుగు సర్దుకోదు. ఒకరు మధ్యాహ్నంలో ఉంటారు, పక్కవారు ఏ కాలానికీ చెందని వెలుగులో ఉంటారు. ఇది తెలిశాక నేను నిరాశపడలేదు, ముక్కలు నాకు రెండోసారి తెరుచుకున్నాయి. ఇద్దరు మనుషులున్న ముక్క వచ్చినప్పుడల్లా ‘వీళ్లిద్దరూ ఒకే వెలుగులో ఉన్నారా?’ అని చూడడం మొదలుపెట్టాను. నా నోటు పుస్తకంలో మంచి వాక్యాలు చాలావరకు ఆ ప్రశ్నలోంచి వచ్చినవే.

ఈ కట్టతో వచ్చే పుస్తకంలో ఏ ముక్కకు ఏ చిత్రాల నుంచి భాగాలు తీసుకున్నారో చెప్పారు. నాకు ఇది చాలా ముఖ్యమైన విషయం. కొలాజ్ అంటే దొంగతనమే కదా అని అడిగేవారున్నారు. టారోలో అరువు కొత్త కాదు. గుండెలో మూడు కత్తులు దిగిన ఆ ప్రసిద్ధ బొమ్మ కూడా స్మిత్ శూన్యంలోంచి తెచ్చినది కాదు. 15వ శతాబ్దపు ఇటాలియన్ కట్ట సోలా బుస్కాలో అది ఉంది, ఆ కట్ట ఫొటోలు 1907లో బ్రిటిష్ మ్యూజియంకు చేరాయి. తీసుకోవడం తప్పు కాదు. ఎక్కడ తీసుకున్నారో చెప్పే మర్యాద మాత్రం ఉండాలి, అది ఉన్న కట్టనే నేను ఇష్టంగా పట్టుకుంటాను.

కాట్ బ్లాక్‌దే తర్వాతి కట్ట టచ్‌స్టోన్. ఇందులో రూపచిత్రాల వాటా ఎక్కువ. రూపచిత్రం కోసం కూర్చున్న మనిషి చిత్రకారుణ్ణి చూస్తాడు. ఆ ముఖాన్ని కత్తిరించి ఎక్కడ అతికించినా ఆ చూపు మారదు, ఇప్పుడది మన మీద పడుతుంది. పొద్దున్నే ముక్క తిప్పగానే ఎవరో నన్ను గుర్తుపట్టినట్టు అనిపిస్తుంది. రాజులు, రాణులు, సేవకులు ఉండే ముక్కలకు ఇంత బలం నేను వేరే కట్టలో చూడలేదు. ఈ బలానికి ఇంకో వైపు కూడా ఉంది. అందరూ మనవైపే చూస్తుంటే ముక్కలోని మనుషులు ఒకరితో ఒకరు ఏం మాట్లాడుకుంటున్నారో వినబడదు. నలుగురి మధ్య జరిగే కథ కావాలనుకున్న రోజు నేను గోల్డెన్ తీస్తాను, ఒక్క మనిషి ఎదురుగా కూర్చోవాలనుకున్న రోజు టచ్‌స్టోన్.

అతుకును దాచడానికి ఏ మాత్రం ప్రయత్నించని కట్ట స్పెయిన్ చిత్రకారుడు సాల్వడార్ డాలీది. 1970లలో ఒక సినిమా కోసం మొదలైన పని, 1984లో కట్టగా వచ్చింది. పాత మహాచిత్రాల ముద్రణలు తీసుకుని, వాటి మీద రంగు పులిమి, గీతలు గీసి, తనకు నచ్చినచోట వదిలేశాడు. మాంత్రికుడి ముక్కలో తన ముఖమే పెట్టుకున్నాడు, మహారాణి ముక్కలో భార్య గాలాను కూర్చోబెట్టాడు. మొదట ఇది నాకు రుచించలేదు, గోల్డెన్ నునుపుకు అలవాటుపడిన కంటికి ఈ మొరటుతనం పొగరుగా కనిపించింది. ఏడాదిన్నర అలమరలోనే ఉంది.

దాన్ని నాకు దగ్గర చేసింది పది కత్తుల ముక్క. స్మిత్ బొమ్మలో ఒక మనిషి బోర్లా పడి ఉంటాడు, వీపులో పది కత్తులు, దూరాన పసుపు రంగు ఆకాశం. పొడిచినవాళ్లు లేరు. డాలీ అక్కడ సీజర్ హత్యా దృశ్యాన్ని తెచ్చి పెట్టాడు. కత్తులున్నాయి, వాటిని పట్టుకున్న చేతులున్నాయి, ఆ చేతులకు ముఖాలున్నాయి, ఆ ముఖాలు సీజర్‌కు తెలిసినవి. ఏళ్ల తరబడి ఆ ముక్కను నేను ‘అంతా ముగిసింది’ అని చదువుకున్నాను. ఆ పొద్దున మొదటిసారి ‘ఎవరు?’ అని అడిగాను. అరువు తెచ్చిన బొమ్మ తన పాత కథను మోసుకొస్తుంది, గీసిన బొమ్మకు ఆ బరువు ఉండదు. కొలాజ్ మీద నాకున్న ప్రేమకు కారణం ఇదే. ఈ కట్టలో కొన్ని అంకెల ముక్కల్లో నాకు తొందర కనిపిస్తుంది, నిజమే. ఆ ఒక్క ముక్క కోసం మిగతా తొందరనంతా క్షమించాను.

చెక్కుడు బొమ్మలతో, అంటే పలక మీద గీతలు చెక్కి అచ్చువేసిన బొమ్మలతో, కూర్చినవి వేరే రకం. 19వ శతాబ్దపు పుస్తకాల్లోని బొమ్మలు సన్నటి గీతలతో తయారయ్యేవి. వెలుగైనా నీడైనా అన్నీ గీతలే. అందువల్ల రెండు వేర్వేరు పుస్తకాల బొమ్మలను పక్కపక్కన పెడితే గీత గీతలో కలిసిపోతుంది, అతుకు దానంతటదే మాయమవుతుంది. సర్రియలిస్టు చిత్రకారుడు మాక్స్ ఎర్న్‌స్ట్ 1930ల కొలాజ్‌లకు అలాంటి బొమ్మలనే కత్తిరించుకున్నాడు. విక్టోరియన్ రొమాంటిక్ టారోలో ఈ చెక్కుడు బొమ్మలకు రంగులు అద్దారు. నాటకీయంగా, కొంచెం కన్నీటితో, చాలా అందంగా ఉంటుంది. క్లెయిర్ గుడ్‌చైల్డ్ చేసిన యాంటీక్ అనాటమీ టారోలో పాత వైద్య గ్రంథాల శైలి ఎముకలు, అవయవాలు, పువ్వులు కలుస్తాయి. ఇక్కడ అతుకు గీతల్లో కాదు, భావంలో ఉంది. ఎముక పక్కన పువ్వు ఎందుకుందని కన్ను అడుగుతుంది. ఆ ప్రశ్న పాతబడుతుందని అనుకున్నాను, రెండేళ్లయినా పాతబడలేదు. పేకలోలాగే టారోలోనూ ఉండే నాలుగు జాతులూ, అంటే కప్పులు, కత్తులు, నాణేలు, కర్రలు, చివరికి శరీరంలోనే ఎక్కడో ఉన్నాయని నాకు నేర్పింది ఈ కట్ట.

వాయేజర్ టారోతో నాకు పెద్ద పోరాటమే జరిగింది. జేమ్స్ వాన్‌లెస్, కెన్ నట్సన్ కలిసి చేసిన ఈ కట్ట 1980లలో వచ్చింది. ఫొటోలు, వాటి మీద ఫొటోలు, ఆ సందుల్లో ఇంకా ఫొటోలు. కత్తుల జాతి ఇక్కడ స్ఫటికాలు, నాణేలు లోకాలు. రాజు, రాణి స్థానాల్లో పురుషుడు, స్త్రీ, శిశువు, జ్ఞాని. ముక్కలు మామూలుకన్నా పెద్దవి, చిన్న చేతులకు కలపడం కష్టం. అతుకుల సంఖ్య ఎంతంటే అతుకు అన్న మాటకే అర్థం పోతుంది, మొత్తం అతుకుల బొంత. రోజుకో ముక్క చొప్పున తీస్తుంటే మూడు నెలలకే కన్ను అలసిపోయింది. ఇక వదిలేద్దామనుకుంటుండగా ఒక అట్టముక్కలో తపాలా బిళ్లంత కిటికీ కోసి, దాన్ని ముక్క మీద పెట్టి, ఆ కిటికీలో కనిపించినదాన్నే చూశాను. మర్నాడు అదే ముక్క, ఇంకో చోట కిటికీ. ఒక్కో ముక్కతో వారం గడిచింది. వాయేజర్‌ను ఒక చూపులో చదవబోయి విసిగిపోయినవారు ఈ పద్ధతి ప్రయత్నించాలని కోరుకుంటున్నాను. తొందరపడే పాఠకులకు మాత్రం దీన్ని సిఫారసు చేయను.

మిగిలినవి క్లుప్తంగా. 2004లో వచ్చిన హౌస్‌వైవ్స్ టారో గత శతాబ్దం మధ్యనాటి ప్రకటనల బొమ్మలతో చేసినది, వంటల చీటీలు దాచుకునే పెట్టెలాంటి పెట్టెలో వస్తుంది. మొదట నవ్వొస్తుంది. కొన్నాళ్లకు కష్టం చెప్పే ముక్కల్లోనూ ఆ ప్రకటనల చిరునవ్వే గుర్తొచ్చి గుండె బరువెక్కుతుంది, ఆ బరువే దాని విలువ. టిల్డ్‌విక్‌లో మనుషులు దాదాపు ఉండరు. గదులు, గోడలు, వస్తువులు, ఎవరో ఇప్పుడే లేచి వెళ్లినట్టున్న నిశ్శబ్దం. దుఃఖంలో ఉన్నప్పుడు నేను భరించగలిగిన ఏకైక కట్ట అది. ఆంగ్ల కవి, చిత్రకారుడు విలియం బ్లేక్ చిత్రాల నుంచి ఎడ్ బ్యూరిన్ 1995లో కూర్చిన కట్టలో నాలుగు జాతులు కవిత్వం, సంగీతం, చిత్రలేఖనం, విజ్ఞానం. మూలమంతా ఒకే చేతిది కాబట్టి అతుకుల మధ్య పోట్లాట లేదు. నాకు ఆ పోట్లాటే కావాలి, అందుకే దాన్ని తక్కువగా తీస్తాను. ఇది నా రుచి మాత్రమే, దాని అందంలో లోటేమీ లేదు.

ముద్రణ గురించి ఒక మాట. కొలాజ్‌లో ప్రాణం చిన్న వివరాల్లో ఉంటుంది, నిగనిగలాడే పూత వాటిని మింగేస్తుంది. దీపం కింద ముక్కను పదిసార్లు వంచి చూడాల్సి వస్తే ఆ కట్ట ఓడిపోయినట్టే. నా దగ్గరున్న ఒక కట్టలో, పేరు చెప్పను, ముద్రణ ఎంత ముదురుగా ఉందంటే సగం ముక్కల్లో నేపథ్యం నల్లటి మడుగు. కొనేముందు ముదురు రంగు ముక్కలనే చూడండి. వెలుగున్న ముక్కలు ఏ ముద్రణలోనైనా బాగానే ఉంటాయి.

మూడేళ్ల కిందట గోల్డెన్ కట్టలో ఐదు నాణేల ముక్క పోయింది. ఎంత వెతికినా దొరకలేదు. స్మిత్ బొమ్మలో ఇది మంచులో నడిచే ఇద్దరు పేదలు, వాళ్ల పైన వెలిగే రంగుటద్దాల కిటికీ. పాత పత్రికలు, రెండు ప్రదర్శనల కరపత్రాలు ముందేసుకుని, కత్తెర, జిగురు పట్టుకుని నేనే ఆ ముక్క చేశాను. మూడు రాత్రులు పట్టింది. ఇద్దరి పాదాలూ ఒకే మంచులో దిగినట్టు చేయడం నా వల్ల కాలేదు, ఒకరు నేలకు వెంట్రుకవాసి పైన తేలుతూనే ఉన్నారు. అప్పుడు తెలిసింది, కాట్ బ్లాక్ చేసిన పని ఎంతటిదో. 18వ శతాబ్దంలో మేరీ డెలానీ అనే ఆవిడ 70 ఏళ్లు దాటాక రంగు కాగితం సన్నగా కత్తిరించి, నల్లటి నేపథ్యం మీద అతికించి దాదాపు వెయ్యి పువ్వులు చేశారు. అవి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఆ కత్తెర పట్టిన చేతుల మీద నాకు గౌరవం పదింతలైంది కూడా ఆ మూడు రాత్రుల్లోనే.

ఇంకొకటి కూడా తెలిసింది. మనం కొనేవన్నీ కొలాజ్ ముద్రణలే, వాటిలో కాగితానికి ఎత్తు ఉండదు. నేను చేసినదానికి ఉంది. మూడు పొరలు ఒకదాని మీద ఒకటి ఎక్కినచోట అంచు వేలికి తగులుతుంది. కట్ట కలుపుతున్నప్పుడు అది ఎక్కడుందో నా బొటనవేలికి ముందే తెలిసిపోతుంది. చూడకుండా తీయాల్సిన ముక్కను చూడకుండానే గుర్తుపడుతున్నాను, కాబట్టి పద్ధతి ప్రకారం దాన్ని కట్టలో ఉంచకూడదు. ఉంచాను. వేలికి తగిలిన రోజు దాన్ని దాటి పక్క ముక్క తీస్తాను. రెండుసార్లు మాత్రం దాటలేదు.