విశాఖా, పూరీయా, పుదుచ్చేరా: సముద్రం కోసమైతే ఏది మేలు?

సెలవులు దగ్గరపడితే చాలా ఇళ్ళలో జరిగే చర్చే ఇది. సముద్రం దగ్గరికే వెళ్దామని అందరూ ఒప్పుకుంటారు, ఏ ఊరికి అన్న దగ్గరే పేచీ. జగన్నాథుడి దర్శనం కూడా అయిపోతుందని పెద్దవాళ్ళు పూరీ అంటారు. ఫొటోల కోసం కుర్రకారు పుదుచ్చేరి అంటారు. ఎటూ తేలకపోతే "వైజాగ్ పోదాం, మనవాళ్ళున్నారు, రూము ఖర్చు మిగులుతుంది" అని ఎవరో ఒకరు ముగించేస్తారు.

హోటళ్ళ రేట్లు, రేటింగులు ఫోన్లో ఎవరైనా పోల్చుకోవచ్చు. నాకు వాటికంటే ముఖ్యంగా కనిపించేది ఒకటుంది. ఈ మూడు ఊళ్ళలో సముద్రపు ఒడ్డు మొదటినుంచీ ఎవరి చేతిలో ఉంది? దేవుడి కోసం వచ్చేవాళ్ళ చేతిలోనా, ఓడల చేతిలోనా, సాయంత్రం షికారుకి వచ్చేవాళ్ళ చేతిలోనా? ఆ సంగతి తెలిస్తే అక్కడ మనకి ఏం దొరుకుతుందో, ఏం దొరకదో సగం తెలిసినట్టే.

శుభ్రమైన బీచ్‌లకి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు బ్లూ ఫ్లాగ్ చూసి తేల్చేద్దామంటే కుదరదు. విశాఖ రుషికొండకీ పూరీ గోల్డెన్ బీచ్‌కీ 2020లో వచ్చింది, పుదుచ్చేరి దగ్గరి ఈడెన్ బీచ్‌కి 2021లో వచ్చింది. పైగా ఆ జెండా ఇచ్చేది ఊరికి కాదు, శుభ్రంగా ఉంచుకున్న ఒక ముక్కకి.

పూరీతో మొదలుపెడదాం. అక్కడి గుడి 12వ శతాబ్దంలో గాంగ వంశపు రాజు అనంతవర్మ చోడగంగ దేవుడు తలపెట్టినది. ఆ గాంగుల పాత రాజధాని కళింగనగరం మన శ్రీకాకుళం జిల్లా ముఖలింగమే అంటారు చరిత్రకారులు. కొన్ని వందల ఏళ్ళపాటు పూరీకి జనం వచ్చింది గుడికోసమే. సముద్రం పుణ్యస్నానానికీ, స్వర్గద్వారం దగ్గర అంత్యక్రియలకీ. ఒడ్డున కూర్చుని గాలి పీల్చుకోవడానికి అంత దూరం నడిచొచ్చే ఓపిక ఎవరికుంటుంది? 1897లో ఖుర్దా రోడ్ నుంచి రైలు వచ్చాక కథ మారింది. కలకత్తాలో రాత్రి ఎక్కితే తెల్లారేసరికి పూరీ. గాలి మార్పు కోసం వచ్చే బెంగాలీ కుటుంబాలు ఒడ్డునే ఇళ్ళు కట్టుకున్నాయి. 1925లో బెంగాల్ నాగపూర్ రైల్వే తన సొంత హోటల్ పెట్టింది. బీఎన్ఆర్ హోటల్ అనే ఇప్పటికీ అంటారు. ఈ రైల్వే పేరు గుర్తుంచుకోండి, విశాఖ దగ్గర మళ్ళీ వస్తుంది.

పూరీ కెరటం ఒడ్డుకి బాగా దగ్గరగా విరుగుతుంది, కాళ్ళకింద ఇసుకని లాగేస్తుంది. ఈత వచ్చినవాళ్ళు కూడా తడబడే చోటు. అయినా అంతమంది అక్కడ ధైర్యంగా స్నానం చేస్తున్నారంటే కారణం నులియాలు. తలమీద మొనదేలిన తెల్ల టోపీ పెట్టుకుని, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, కెరటం వచ్చినప్పుడు పైకెత్తి, మళ్ళీ ఒడ్డున దింపేవాళ్ళు. వీళ్ళు ఉత్తరాంధ్ర, గంజాం తీరాల నుంచి వలస వెళ్ళిన జాలర్ల సంతతి. పెంటకటలో పెద్ద పేటే ఉంది, ఇళ్ళలో తెలుగే. పూరీ వెళ్ళే మన యాత్రికుల్లో చాలామందికి ఈ సంగతి తెలియదు. వచ్చీరాని హిందీలో బేరమాడతారు, అవతలివాళ్ళు నవ్వుకుంటూ తెలుగులో జవాబు చెప్తారు. పుస్తకాల్లో పూరీ పేరు చెప్పగానే రాజులూ రైల్వేలూ వస్తాయి గానీ, ఆ సముద్రాన్ని స్నానానికి పనికొచ్చేలా చేసిన ఘనతలో పెద్ద వాటా ఈ జాలర్లదేనని నా అభిప్రాయం.

ఇంకో అదృష్టం, పూరీలో పెద్ద రేవు కట్టలేదు. ఒడిశాకి పెద్ద రేవు కావలసినప్పుడు 1960లలో పారాదీప్‌లో కట్టుకున్నారు. అందుకే పూరీ ఒడ్డు ఎత్తు గోడలూ క్రేన్లూ లేకుండా వెడల్పాటి ఇసుకతో మిగిలింది. లోపాలు లేవని కాదు. హోటళ్ళు ఇసుకమీదికి ఒరుగుతున్నట్టు కట్టేశారు. బంకీ ముహాణ దగ్గర ఊరి మురుగు సముద్రంలో కలుస్తుంది, అటువైపు స్నానానికి దిగొద్దు. గుడి దగ్గర పండాల (పూజారుల) ఒత్తిడి ఉంటుంది. 2019 మే 3న ఫణి తుపాను తీరం దాటింది పూరీ దగ్గరే, ఊరంతా అతలాకుతలమైంది. తేరుకున్న రెండేళ్ళకే, 2021లో, కుళాయి నీళ్ళు నేరుగా తాగొచ్చన్న పథకం ఊరంతా తెచ్చారు. యాత్రల ఊరికి అది చిన్న విషయం కాదు.

పుదుచ్చేరి కథ పూర్తిగా వేరు. 1674లో ఫ్రెంచివాళ్ళు ఫ్రాన్స్వా మార్తాన్ నాయకత్వంలో అక్కడ స్థిరపడ్డారు. 1693 నుంచి ఆరేళ్ళు ఊరు డచ్చివాళ్ళ చేతిలో ఉంది. ఇప్పుడు మనం చూసే తిన్నని గళ్ళ వీధుల ప్లాను వాళ్ళు గీసిందే. 1761లో ఇంగ్లీషువాళ్ళు ఊరిని నేలమట్టం చేశారు, ఫ్రెంచివాళ్ళు తిరిగొచ్చి అవే వీధుల మీద మళ్ళీ కట్టారు. 1954 నవంబరు 1న వాళ్ళు పాలన అప్పగించి వెళ్ళిపోయారు. ఈలోగా 1910లో అరవిందులు వచ్చారు, ఆశ్రమం వచ్చింది, 1968లో ఊరి బయట ఆరోవిల్ మొదలైంది. ఊరికి జనాన్ని రప్పించినవి వీధులూ ఆశ్రమమూ, సముద్రం వాటి పక్కన ఉంది. మన యానాం ఈ పుదుచ్చేరి పాలన కిందే ఉంది కాబట్టి అక్కడివాళ్ళకి ఇది టూరిస్టు ఊరు కంటే ముందు రాజధాని, ఆఫీసు పనుల ఊరు.

బీచ్ ఊరని ప్రచారం చేసే పుదుచ్చేరి నడిబొడ్డున చాలా ఏళ్ళపాటు ఇసుకే లేదు. 1980ల చివర్లో అరియాంకుప్పం ఏటి ముఖం దగ్గర రేవు గోడలు కట్టారు. మన తూర్పు తీరంలో ఇసుక ఏడాదిలో ఎక్కువ భాగం దక్షిణం నుంచి ఉత్తరానికి కెరటాలతో పాటు జరుగుతూ ఉంటుంది. గోడ అడ్డం పెడితే దక్షిణాన ఇసుక పేరుకుంటుంది, ఉత్తరాన ఒడ్డు కోసుకుపోతుంది. సరిగ్గా అదే జరిగింది. ఊరి ముందున్న ఇసుకంతా పోయి, రోడ్డుని కాపాడుకోవడానికి నల్లరాళ్ళు గుట్టలుగా పోయాల్సి వచ్చింది. ఉత్తరాన ఉన్న జాలరి పేటలకి ఇళ్ళే పోయే పరిస్థితి వచ్చింది. చివరికి 2018లో చెన్నైలోని సముద్ర సాంకేతిక సంస్థ నీళ్ళలో ఉక్కు దిబ్బలాంటిది ఒకటి ముంచి కెరటం జోరు తగ్గించాక, సచివాలయం ముందు కొంత ఇసుక మళ్ళీ పేరుకుంది.

ఇసుక లేకపోయినా ఒడ్డుని ఎలా వాడుకోవాలో మాత్రం వాళ్ళకి తెలుసు. సాయంత్రం 6 నుంచి ఉదయం 7:30 వరకు బీచ్ రోడ్డులో వాహనాలు తిరగవు. గాంధీ విగ్రహం చుట్టూ సెంజి కోట నుంచి తెచ్చిన రాతి స్తంభాలు, పాత లైట్‌హౌస్, పొడుగ్గా రాతి గట్టు. పసిపిల్లని కిందికి దింపి వదిలేసినా హారన్ మోత ఉండదు. ముసలివాళ్ళు చేతికర్రతో ఆ చివరి దాకా నడిచి రాగలరు. కాళ్ళు తడవకుండా సముద్రాన్ని అనుభవించాలంటే ఈ మూడింటిలో దీనికి పోటీ లేదు. స్నానం చేయాలన్న సరదా ఉంటే మాత్రం ఊరు దాటి వెళ్ళాలి.

ఇక విశాఖ. ఈస్టిండియా కంపెనీవాళ్ళు 17వ శతాబ్దం చివర్లో ఇక్కడ సరుకుల కొట్టు పెట్టుకున్నారు. దొరలు చిత్తడి నేల దగ్గరున్న పాత ఊరు వదిలి, గాలి బాగుంటుందని వాల్తేరు మెట్టకి బంగళాలు మార్చుకున్నారు. రైలు వచ్చాక కలకత్తా వాళ్ళకి పూరీ తరవాత వాల్తేరు కూడా గాలి మార్పు ఊరే. అలాగే సాగనిస్తే విశాఖ ఇంకో పూరీ అయ్యుండేది, గుడి లేని పూరీ.

అలా సాగలేదు. కలకత్తాకీ మద్రాసుకీ మధ్య ఓడలకి భద్రమైన రేవు లేదు. మధ్య పరగణాల్లో మాంగనీసు ఉంది, దాన్ని బయటికి పంపే దగ్గరి దారి లేదు. డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున ఉన్న చిత్తడిని తవ్వితే సహజమైన రేవవుతుందని లెక్క వేశారు. పూరీలో హోటల్ పెట్టిన బెంగాల్ నాగపూర్ రైల్వేకే ఈ రేవు పనిలోనూ పెద్ద చెయ్యి ఉంది. రెండు పాత ఓడల్ని ముంచి కెరటానికి అడ్డం పెట్టారు. 1933 అక్టోబరు 7న 'జలదుర్గ' అనే ఓడ లోపలికొచ్చింది, డిసెంబరులో వైస్రాయ్ విల్లింగ్డన్ వచ్చి లాంఛనంగా ప్రారంభించాడు. ఒకే రైల్వే, ఒక ఊళ్ళో హోటల్, ఇంకో ఊళ్ళో రేవు. రెండు ఊళ్ళ జాతకాలూ అక్కడే విడిపోయాయి.

ఆ తరవాత ఒక్కొక్కటే వచ్చి ఒడ్డున కూర్చున్నాయి. 1941లో ఓడల కట్టుబడి యార్డుకి శంకుస్థాపన, 1942 ఏప్రిల్ 6న జపాన్ బాంబులు, 1957లో చమురు శుద్ధి కర్మాగారం, 1968లో తూర్పు నౌకాదళ కమాండ్, "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" ఉద్యమం నుంచి పుట్టిన స్టీల్ ప్లాంట్. డాల్ఫిన్స్ నోస్ చుట్టుపక్కల నుంచి దక్షిణంగా యారాడ లాంటి చిన్న చిన్న ముక్కలు తప్పితే ఒడ్డు చాలావరకు రేవులదీ, నేవీదీ, ఫ్యాక్టరీలదీ అయింది. మనకి మిగిలింది ఊరి మధ్యనున్న ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా ఉన్న ఉత్తరపు అంచు.

ఆ మిగిలినదానికీ పుదుచ్చేరి జబ్బే పట్టుకుంది. 1970లలో ఔటర్ హార్బర్ గోడలు సముద్రంలోకి వెళ్ళాక ఉత్తరానికి జరగాల్సిన ఇసుక అక్కడే ఆగిపోవడం మొదలైంది. ఆర్కే బీచ్ సన్నబడుతూ ఉంటే, రేవువాళ్ళు డ్రెడ్జర్‌తో తోడి ఆ ఇసుకని మళ్ళీ ఇటు పోస్తుంటారు. మురీ మిక్చర్ తింటూ మనం కూర్చునే ఇసుకలో కొంత గొట్టంలోంచి వచ్చిందే. ఒడ్డు ఏటవాలు, లోపలికి లాగే నీళ్ళు, పూరీలోలాగా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళే అలవాటు లేదు. ఆర్కే బీచ్‌లో స్నానం వద్దని నేను ఎవరికైనా గట్టిగానే చెప్తాను.

కానీ ఆ రేవే విశాఖని ఊరిగా నిలబెట్టింది. పరిశ్రమలు ఉండబట్టే ఎయిర్‌పోర్టు, పెద్ద ఆసుపత్రులు, ఏడాది పొడవునా నడిచే హోటళ్ళు ఉన్నాయి. పూరీలో ఇంట్లో పెద్దాయనకి అర్ధరాత్రి ఛాతీ నొప్పి వస్తే పడే టెన్షన్ ఇక్కడ కొంచెం తక్కువ. నేవీ ఉండబట్టే 2002 నుంచి కురుసుర సబ్‌మెరైన్ ఒడ్డున మ్యూజియంగా ఉంది. పిల్లలకి ఆ మూడు ఊళ్ళలో ఏది బాగా గుర్తుంటుందని అడిగితే దాని పేరే చెప్తారు. తొట్లకొండ బౌద్ధ శిథిలాలు కూడా 1976లో నేవీ సర్వే చేస్తున్నప్పుడే బయటపడ్డాయి. అక్కణ్ణించి భీమిలి దాకా రోడ్డు, ఒక పక్క కొండ, ఒక పక్క నీళ్ళు. భీమిలి 1861 నాటి మునిసిపాలిటీ, డచ్చివాళ్ళ సమాధులు ఇంకా ఉన్నాయి. ఇంకొక రోజు ఉంటే అరకు రైలు. దీని మూల్యం కూడా ఊరు కట్టింది, 1997లో రిఫైనరీ పేలుడు, 2020 మేలో గ్యాస్ లీకు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కొండల మీద చెట్టన్నది లేకుండా చేసి పోయింది, మళ్ళీ పచ్చబడటానికి ఏళ్ళు పట్టింది.

ఇంతకీ ఏది మేలు? మూడు తరాలవాళ్ళు కలిసి వెళ్తుంటే నా ఓటు విశాఖకే, కానీ షరతు ఉంది. గది రుషికొండ వైపో భీమిలి వైపో తీసుకోండి, ఆర్కే బీచ్‌కి సాయంత్రం తిరగడానికి మాత్రం రండి. కెరటాల్లో మునగడమే అసలు పని అయితే పూరీ, నులియాకి డబ్బులిచ్చి చెయ్యి పట్టుకుని, రథయాత్ర రద్దీ లేని రోజుల్లో. ఇద్దరే వెళ్ళి తీరిగ్గా నడవాలంటే పుదుచ్చేరి.

ఒడ్డుని నడిపే తీరుకి మార్కులు వేయమంటే మాత్రం పుదుచ్చేరికే మొదటి స్థానం ఇస్తాను, విశాఖకి చివరిది. ఇసుక పోగొట్టుకున్న ఊరు రోజూ సాయంత్రం రోడ్డు ఆపి జనానికి వదులుతోంది. అంత పొడుగు ఒడ్డున్న మన ఊళ్ళో ఉదయం వాకింగ్ వేళ కాసేపు బండ్లు ఆపి, అసలు జనం వచ్చే సాయంత్రం కార్లూ బైకులూ వదిలేస్తున్నారు. ఆర్కే బీచ్ నుంచి సబ్‌మెరైన్ దాకా ఆ ఒక్క ముక్కని శని, ఆదివారాల్లోనైనా సాయంత్రం మూసి చూడొచ్చు, పక్క వీధులు ఎలాగూ ఉన్నాయి.

టికెట్లు తీసేముందు నెల చూసుకోండి. పుదుచ్చేరిలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన, రోజుల తరబడి గదిలోనే కూర్చోవాల్సి రావచ్చు. అక్కడికి జనవరి, ఫిబ్రవరి బాగుంటాయి. విశాఖకీ పూరీకీ అక్టోబరు, నవంబరుల్లో తుపాను భయం ఉంటుంది కాబట్టి డిసెంబరు మధ్య నుంచి చూసుకోండి. చెన్నై నుంచి పుదుచ్చేరికి రోడ్డు మీద 150 కిలోమీటర్లు. పూరీకి విమానంలో వెళ్ళాలంటే భువనేశ్వర్‌లో దిగి ఇంకో 60 కిలోమీటర్లు పోవాలి, విశాఖ నుంచైతే రాత్రి రైలే సుఖం.