ఫైటర్ చేపకు తోడు: గప్పీలా, నియాన్‌లా, రాస్బోరాలా, కోరిడోరాస్‌లా?

మగ ఫైటర్ చేప ఉన్న తొట్టిలో ఇంకే చేపలను వేయవచ్చునని అడిగేవారు దాదాపు అందరూ ఆ ప్రశ్నను ఒకే విధంగా అడుగుతారు: ఏవి వేస్తే పోట్లాట ఉండదు? ఆ భయం సహజమే. కానీ నేను చూసినంతలో ఫైటర్‌తో కలిపి పెంచిన చేపల్లో గాయాలతో చచ్చిపోయినవాటికంటే, ఆ నీటిలో ఇమడలేక నెలల తరబడి నీరసించి పోయినవే ఎక్కువ. అందుకే ఈ పోలికలో స్వభావాన్ని పక్కన పెట్టకుండానే, నీటి వేడిమికీ, ఆ నీటిలో కరిగి ఉండే ప్రాణవాయువుకూ పెద్ద పీట వేస్తున్నాను.

ఫైటర్‌కు 26, 27 డిగ్రీల సెల్సియస్ వేడిమి హాయిగా ఉంటుంది. పొడవైన రెక్కలతో ప్రవాహాన్ని ఎదుర్కోలేదు కాబట్టి మనం ఫిల్టర్ వేగాన్ని కూడా తగ్గించి పెడతాం. నీరు వేడెక్కిన కొద్దీ ప్రాణవాయువును తక్కువగా పట్టి ఉంచుతుంది. 20 డిగ్రీల వద్ద లీటరు మంచినీటిలో గరిష్ఠంగా దాదాపు 9 మిల్లీగ్రాములు కరిగితే, 27 డిగ్రీల వద్ద అది 8 మిల్లీగ్రాములకు చేరుతుంది. పైగా అదే వేడికి చేప శరీరం ప్రాణవాయువును ఎక్కువగా ఖర్చు చేస్తుంది. ఈ లోటు ఫైటర్‌ను బాధించదు, ఎందుకంటే మొప్పల పైభాగంలో ఉన్న ప్రత్యేక అవయవంతో అది నేరుగా గాలి పీల్చుకోగలదు. తొట్టిలో అది చురుకుగా తిరుగుతూ ఉంటే నీరు బాగానే ఉందని మనం అనుకుంటాం. దాని పక్కన మొప్పలనే నమ్ముకున్న చేప అదే సమయంలో ఆయాసపడుతూ ఉండవచ్చు. కాబట్టి ఫైటర్‌కు తోడుగా వేసే చేప వెచ్చగా, నెమ్మదిగా కదిలే నీటిలో బతకగలదా లేదా అన్నదే నా దృష్టిలో మొదటి పరీక్ష.

గప్పీలు వేడిమి విషయంలో నెగ్గుతాయి, కానీ నీటి గుణం, ఫైటర్‌తో పొసగడం అన్న రెండు విషయాల్లో ఓడిపోతాయి. వాటికి సున్నం శాతం ఎక్కువగా ఉన్న నీరు, 7 నుంచి 8 మధ్య పీహెచ్ అనుకూలం. ఫైటర్ పుట్టిన చోట నీరు మృదువుగా, అంటే సున్నం తక్కువగా, కొంత ఆమ్లంగా ఉంటుంది. తటస్థమైన నీటిలో రెండూ సర్దుకుంటాయన్నది నిజమే. అయితే రెండూ తిరిగేది నీటి పైపొరలోనే, పైగా మగ గప్పీ వెడల్పైన రంగుల తోక ఫైటర్ కంటికి మరో మగ ఫైటర్ తోకలా కనిపించే ప్రమాదం ఉంది. ఇవి చాలనట్టు ఆడ గప్పీలు సుమారు నాలుగు వారాలకోసారి పిల్లలను పెడుతుంటే, వాటిని తిని ఫైటర్ పొట్ట ఉబ్బించుకుంటుంది.

నియాన్ టెట్రాలు చూపుకు అందమైనవి, ఫైటర్ జోలికి సాధారణంగా పోనివి. అయినా నేను వద్దనే అంటాను. అమెజాన్ నది ఎగువ ప్రాంతాల వాగులలో పుట్టిన ఈ చేపకు 21 నుంచి 25 డిగ్రీలు నప్పుతాయి; ఏడాది పొడవునా 27లో ఉంచితే దాని ఆయుష్షు తగ్గుతుంది. టెట్రాలే కావాలనుకునేవారు అమెజాన్ ఉపనది రియో నీగ్రో ప్రాంతపు వెచ్చని నీటికి అలవాటుపడిన కార్డినల్ టెట్రాలను ఎంచుకోవడం మంచిది.

హార్లెక్విన్ రాస్బోరాల విషయం వేరు. మలయా ద్వీపకల్పం, సుమత్రాల అడవుల్లో ఆకులు కుళ్లి గోధుమరంగు తిరిగిన మెత్తని నీటి వాగుల్లో అవి బతుకుతాయి, అంటే ఫైటర్‌కు నచ్చే నీరే వాటికీ నచ్చుతుంది. నాలుగైదు సెంటీమీటర్లకు మించి పెరగవు, తోక పొట్టిగా ఉంటుంది, తొట్టి నడిమి పొరలో గుంపుగా తిరుగుతాయి. కనీసం ఎనిమిదింటిని వేయాలి. మేత వేసినప్పుడు మాత్రం ఫైటర్ కంటే చాలా వేగంగా అందుకుంటాయి, కాబట్టి ఒక మూల రాస్బోరాలకు వేసి, అవి అటు మళ్లాక ఫైటర్‌కు విడిగా అందించవలసి వస్తుంది.

నేను చివరకు ఎంచుకున్నది అడుగున తిరిగే చిన్న మీసాల చేపలైన కోరిడోరాస్‌లను, కానీ మొదటిసారి తప్పు జాతిని తెచ్చాను. కోరిడోరాస్‌లు ఫైటర్‌కు హాని చేయవన్న మాటను నమ్మి, సులభంగా దొరికే పెప్పర్డ్ కోరిడోరాస్‌లను ఆరింటిని వేశాను. అది దక్షిణ అమెరికా దక్షిణ భాగంలోని లా ప్లాటా నదీ పరీవాహక ప్రాంతపు చల్లని నీటి చేప. కోరిడోరాస్‌లన్నీ అప్పుడప్పుడూ పైకి వచ్చి గాలి మింగి పేగుల ద్వారా పీల్చుకుంటాయి కాబట్టి, నా తొట్టిలోనివి పదే పదే పైకి పరుగెత్తడం ఆటే అనుకున్నాను. రెండు వారాల తరువాత, అవి అడుగున ఉన్నప్పుడు కూడా మొప్పలు ఎంత వేగంగా ఆడుతున్నాయో గమనించి, హీటర్ లేని తొట్టికి మార్చాను; అక్కడ రెండు మూడు రోజుల్లోనే కుదుటపడ్డాయి. వాటి స్థానంలో తెచ్చిన స్టెర్బై కోరిడోరాస్‌లు బ్రెజిల్, బొలీవియా సరిహద్దులోని గువాపోరే నదివి. 24 నుంచి 28 డిగ్రీలు వాటికి సొంత ఇల్లు. ఫైటర్ పైన, ఇవి అడుగున ఉంటాయి కాబట్టి ఒకదాని దారికి మరొకటి అడ్డురాదు.

అయితే స్టెర్బైలకు పెట్టవలసినది పెట్టాలి: మీసాలు అరిగిపోకుండా సన్నని ఇసుక, కనీసం ఆరింటి గుంపు, అందుకు తగిన వైశాల్యం ఉన్న అడుగు. 75 సెంటీమీటర్ల కంటే పొట్టి తొట్టి ఉన్నవారికి, గులకరాళ్లు తీయలేనివారికి నేను రాస్బోరాలనే చెబుతాను. మునిగే మేతను దీపం ఆర్పాక వేయాలి, లేకపోతే ఫైటర్ కిందికి దిగి అదీ తినేస్తుంది.

మిగతావాటి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. టైగర్ బార్బులు రెక్కలు కొరుకుతాయి. గౌరామీలు ఫైటర్‌కు దగ్గరి చుట్టాలు, పైపొర కోసం పోటీపడతాయి. చెర్రీ రొయ్యల పిల్లలు మేతగా మారతాయి. నెరైట్ నత్తలకు అభ్యంతరం లేదు.

ఏది ఎంచుకున్నా తోటి చేపలను ముందు వేసి, ఫైటర్‌ను చివర వేయండి. అది ఇప్పటికే ఉంటే కాసేపు బయటికి తీసి, మొక్కలనూ రాళ్లనూ చోటు మార్చాక మళ్లీ వదలండి. కొన్ని ఫైటర్లు ఎవరినీ సహించవు కాబట్టి వేరొక తొట్టి సిద్ధంగా ఉండాలి. మొదటి రెండు వారాలు దీపం వెలిగించడానికి ముందు, తెల్లవారుజామున ఒకసారి తొట్టి దగ్గరికి వెళ్లి చూడండి. రాత్రంతా మొక్కలు కూడా ప్రాణవాయువునే వాడుకోవడం వల్ల ఆ వేళకు అది అత్యల్పంగా ఉంటుంది, కొత్త చేపల మొప్పలు ఎలా ఆడుతున్నాయో అప్పుడే సరిగా తెలుస్తుంది.