డేటా సెంటర్‌కు ఏది మేలు: ఏటి నీరా, సముద్రమా, గాలా?

విశాఖలో గూగుల్ భారీ డేటా సెంటర్ కడుతుందని 2025 అక్టోబరులో ప్రకటన వచ్చినప్పటి నుంచి మా విజయనగరం, శ్రీకాకుళం వైపు కూడా అదే మాట. అందరూ భూముల ధరలు అడుగుతున్నారు. నా టెన్షన్ వేరు. రాత్రింబవళ్లు వేడెక్కే ఆ సర్వర్లను దేనితో చల్లారుస్తారు?

ఏటి నీరు చౌక. కూలింగ్ టవర్లలో నీరు ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది, కరెంటు తక్కువ పడుతుంది. కానీ ఆ నీరు మళ్లీ ఏటికి రాదు. యూనిట్ కరెంటుకు సుమారు 1.8 లీటర్లన్నది తరచూ వాడే సగటు లెక్క. ఆ లెక్కన 100 మెగావాట్ల సెంటర్‌కు రోజుకు 43 లక్షల లీటర్లు కావాలి. మనిషికి 55 లీటర్ల చొప్పున 78 వేల మంది రోజంతా వాడుకునే నీరది! కిడ్నీ జబ్బులతో నలిగిన ఉద్దానం వంశధార నీటి కోసం ఎన్నేళ్లు ఎదురుచూసిందో మనకు తెలుసు. పైగా మన తీరంలో ఉక్క ఎక్కువ. ఉక్కలో నీరు సరిగా ఆవిరవదు కాబట్టి ఈ పద్ధతితో వచ్చే లాభమూ తగ్గిపోతుంది.

సముద్రపు నీటితో ఫిన్లాండ్‌లోని హమీనాలో గూగుల్ 2011 నుంచి సెంటర్ నడుపుతోంది. అక్కడి సముద్రం చల్లన. మన బంగాళాఖాతం మే నెలలో 30 డిగ్రీల దాకా వేడెక్కుతుంది, అందుకే చాలా ఎక్కువ నీరు తోడాలి. అలా తోడేటప్పుడు చేపగుడ్లు, చేపపిల్లలు కూడా లోపలికి లాగబడి చచ్చిపోతాయి. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టేది కూడా ఈ ఒడ్డునే. రాత్రంతా లైట్లు వెలిగితే వాటి పిల్లలు సముద్రం వైపు కాకుండా వెలుగు వైపు నడుస్తాయి.

గాలితో చల్లార్చే పద్ధతిలో, మూసిన పైపుల్లో అదే నీరు తిరుగుతూ ఉంటుంది, దాన్ని ఫ్యాన్ల గాలి చల్లారుస్తుంది. కరెంటు ఎక్కువ తింటుంది, ఫ్యాన్ల మోత ఊరికి వినిపిస్తుంది. అయినా నా ఓటు దీనికే. ఆ అదనపు కరెంటు మాత్రం సోలార్‌దో గాలిమరలదో కావాలి. బొగ్గుదైతే నీటి ఖర్చు థర్మల్ ప్లాంటుకు మారుతుందంతే. ఎప్పుడైనా నీరు అవసరమైతే పట్టణాల మురుగునీటిని శుద్ధి చేసి వాడుకోవాలి.

ఏ పద్ధతైనా సరే, ఊరికి దూరంగా మెట్ట మీదే కట్టాలి. బీల, తంపర అని మేం పిలిచే చిత్తడి నేలల్లో మాత్రం వద్దు. 2010లో థర్మల్ ప్లాంటు వద్దంటూ సోంపేట బీల కోసం మనుషులు ప్రాణాలిచ్చారు. తేలినీలాపురం చెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతులు పిల్లలకు మేత తెచ్చేది నౌపడ తంపర లాంటి చోట్ల నుంచే.