పద్మినిలో పాటలు: ఒక స్పీకరు పోయాక తెలిసిన సంగతి

ప్రీమియర్ పద్మిని మైలేజీ, బ్రేకులు, స్పేర్ పార్టుల గోల ఇక్కడ రాయను. బండి ఉన్నవాళ్లకి అవన్నీ తెలిసినవే, లేనివాళ్లకి అక్కర్లేదు. ఇన్నేళ్లు నడిపాక నాకు చెప్పాలనిపించేది ఒక్కటే. ఈ కారులో పాత పాట వినిపించినంత బాగా నాకు ఇంకెక్కడా వినిపించలేదు. పాత పాట అంటే 1950లు, 60ల నాటిది. ఈ లెక్కలో ఇళయరాజా కూడా కొత్తవాడే. నేను ఆయన పాటలతోనే పెరిగాను, అయినా సరే.

బండి మా మావగారిది. మా రాజమండ్రిలో దీన్ని పద్మిని అనేవాళ్లు తక్కువ, ఫియట్ అనే అంటారు. గేరు రాడ్డు స్టీరింగు పక్కనే ఉంటుంది కాబట్టి డాష్‌బోర్డు కింద బోలెడు ఖాళీ. మావగారు అక్కడ ఒక క్యాసెట్ డెక్ వేలాడదీయించారు, రెండు స్పీకర్లు వెనక అద్దం కింద పలక మీద పెట్టించారు. ముందు సీటు అడ్డంగా ఒకటే కావడంతో ముగ్గురు సర్దుకోవచ్చు. కానీ మధ్యలో కూర్చున్నవాళ్ల మోకాలు ఫార్వర్డ్ బటన్‌కి తగిలి, పల్లవిలో ఉన్న పాట గిర్రున తిరిగి ఇంకో పాటలో తేలుతుంది. మా బావమరిది పొడగరి. అతన్ని మధ్యలో కూర్చోబెట్టడం ఎప్పుడో మానేశాం.

ఇక అసలు సంగతి. ఒక వేసవిలో ఆత్రేయపురం పెళ్లికి బయల్దేరాం. ధవళేశ్వరం బ్యారేజీ దాటి, బొబ్బర్లంక దగ్గర తిరిగి కాలవ గట్టు ఎక్కాక ఎనభైల నాటి డ్యూయెట్ల క్యాసెట్ పెట్టాను. పల్లవి బాగానే వచ్చింది. మధ్యలో వాయిద్యాలు మొదలవగానే తేడా కొట్టింది. వయొలిన్లు ఉండాల్సిన చోట ఏమీ లేదు, తబలా మాత్రం వినిపిస్తోంది. దాని పక్కన ఏదో టిక్కు టిక్కుమంటోంది. ఆ వయొలిన్లు నాకు కంఠతా వచ్చు, అందుకే ఆ ఖాళీ మరీ చికాకు పెట్టింది. వెనక నుంచి మా ఆవిడ, "ఏవండీ, మనల్ని పాడుకోమని వదిలేశారా ఏంటి?" అంది. బ్యాలెన్స్ నాబ్ అటూ ఇటూ తిప్పి చూస్తే ఎడమ స్పీకరు నుంచి చప్పుడే లేదు.

తిరిగొచ్చాక ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకెళ్లాను. అతను డెక్ మూత తీసి, ఊది, మళ్లీ బిగించేశాడు. "ఒక సైడు ఐసీ, అదేనండి లోపలి చిప్పు, పోయిందండి. దీనికి ఇంక దొరకదండి. తీసిపారేసి బ్లూటూత్‌ది పెట్టేద్దామండి, ఫోన్ కూడా మాట్లాడుకోవచ్చు" అన్నాడు. మావగారు ఉండగా ఆ డెక్ మీద చెయ్యి వేసే ధైర్యం నాకు లేదు. అలాగే ఒంటి స్పీకరుతో తిరిగాం, చాలా కాలం.

ఆ కాలంలోనే 'మిస్సమ్మ' (1955) క్యాసెట్ పెట్టాను. 'బృందావనమది అందరిది' వచ్చింది. ఏమీ పోలేదు! సుశీల గొంతు, ఏ.ఎం. రాజా గొంతు, వెనక వాయిద్యాలు, అన్నీ చోటు తప్పకుండా ఉన్నాయి. క్యాసెట్ తిప్పి వేశాను, రెండో వైపూ అంతే.

ఆలోచిస్తే కారణం తేలికే. స్టీరియో పాటలో గాయకుల్ని మధ్యలో ఉంచి, వాయిద్యాల్ని కొన్ని ఎడమకి, కొన్ని కుడికి పంచుతారు. ఒక వైపు పోతే ఆ వైపు పంచినవన్నీ పోతాయి. ఆ రోజుల్లో రికార్డింగు మోనో, అంటే ఎడమ, కుడి పంపకం లేకుండా అంతా ఒకే ట్రాకు. గాయకులూ వాద్యబృందమూ ఒకేసారి పాడి, వాయించి రికార్డు చేసేవాళ్లు. ఎవరు మైకుకి ఎంత దగ్గరగా నిలబడాలో, ఏ వాయిద్యం ఎంత తగ్గాలో అంతా అక్కడే తేలిపోయేది. క్యాసెట్ మీదికి ఎక్కించినప్పుడు రెండు ట్రాకుల్లోనూ పడేది అదే పాట. ఒక స్పీకరుకి మొత్తం అందుతుంది.

దీనికి ఇంజిన్ కూడా తోడైంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే సెకనుకి 100 సార్లు మంట అంటుకుంటుంది. అంటే 100 హెర్ట్జ్ దగ్గర ఒక మోత ఆగకుండా ఉంటుంది. ఏసీ లేదు కాబట్టి అద్దాలు దించే ఉంటాయి, పైన గాలి హోరు. బేస్ గిటారు పలికే చోటు ఆ మోత ఉన్న చోటే. 'గీతాంజలి' (1989) క్యాసెట్‌లో నాకు ప్రాణమైన బేస్ అంతా ఇంజిన్ మింగేస్తుంది. పాత పాటల్లో ఆ కింది స్థాయిలో పెద్దగా ఏమీ ఉండదు, గొంతు ముందుకొచ్చి నిలబడుతుంది. మింగడానికి ఇంజిన్‌కి ఏమీ దొరకదు.

నా లెక్కలో ఈ కారుకి నంబర్ వన్ పాట 'రోజులు మారాయి' (1955) లోని 'ఏరువాక సాగారో'. జిక్కి గొంతు హోరుగాలినైనా చీల్చుకుని వస్తుంది. కాలవ గట్టు మీద అటూ ఇటూ వరి చేలు, తొలకరి రోజులైతే ఇంక చెప్పక్కర్లేదు. 'మాయాబజార్' (1957) లోని 'లాహిరి లాహిరి' వస్తే కాలు దానంతటదే యాక్సిలరేటర్ మీంచి లేస్తుంది. వెనక కమాన్‌పట్టీలు మెత్తబడిపోయి బండి ఎలాగూ పడవలా ఊగుతుంది, ఆ పాటకి అది సరిగ్గా కుదిరింది. వెనకొచ్చే లారీవాడికి మాత్రం కుదరదు, హారన్ కొడుతూనే ఉంటాడు.

గట్టెక్కగానే ఎక్కినవాళ్లందరూ 'గోదారీ గట్టుంది' అడుగుతారు. పెడతాను. మంచి పాటే, కానీ అడిగించుకుని పెట్టిన పాటలో నాకు మజా ఉండదు. అదే 'మూగమనసులు' (1964) లోని 'పాడుతా తీయగా' రాత్రి డ్రైవింగులో పెట్టను. ఆ పాట నిద్రపొమ్మని చెప్పేదే కదా! ఇంక రోడ్ కమ్ రైల్ బ్రిడ్జి మీద ఏ పాటా పనికిరాదు. రెండున్నర కిలోమీటర్ల పైచిలుకు వంతెన, కింది అంతస్తులో రైలు వెళ్తుంటే జిక్కి కూడా ఓడిపోతుంది. అక్కడ ఆపేసి గోదారిని చూసుకోవడమే.

'శివశంకరీ' సంగతి చెప్పాలి. 'జగదేకవీరుని కథ' (1961) లో ఘంటసాల పాడిన ఆ దర్బారీ కానడ రాగం పాట కంటే గొప్ప పాట నాకు తెలియదు. ఈ కారులో మాత్రం వినకూడదు. క్యాసెట్ టేపు సెకనుకి 4.76 సెంటీమీటర్ల చొప్పున సమంగా కదలాలి. మా డెక్‌లో రబ్బరు చక్రం అరిగింది, మోటారు కూడా పాతబడింది. గబగబా సాగే పాటలో ఆ వణుకు తెలియదు. ఘంటసాల ఒక స్వరం మీద నిలిచి దీర్ఘం తీసినప్పుడు మాత్రం స్వరం ఊగుతుంది. రాత్రిపూట హెడ్‌లైట్లు వేసి గేటు దగ్గర ఆగితే ఇంకా ఘోరం. మాది డైనమో ఉన్న బండి, ఐడిల్‌లో పెద్దగా కరెంటు ఇవ్వదు. పాట నెమ్మదించి శృతి దిగిపోతుంది. ఆయన్ని అలా వినడం నా వల్ల కాదు. 'పుష్పవిలాపం' పద్యాలకీ ఇదే గతి. కాబట్టి పాత పాటలన్నీ బాగుంటాయని కాదు, లయ నడిపించే పాత పాటలు బాగుంటాయి. అందులోనూ ఆడగొంతు ఉన్నవి ఇంకా నయం. హైవే మీద కాస్త వేగం అందుకుంటే ఏ.ఎం. రాజా మెత్తని గొంతు సగం గాలికి పోతుంది.

స్పీకరు కథ చివరికి టింకరింగు షెడ్డులో తేలింది. ఫ్లోరు తుప్పు పట్టిందని వెల్డింగుకి ఇస్తే, వెనక సీటు ఎత్తిన కుర్రాడు పిలిచి చూపించాడు. స్పీకరు వైరు సీటు కింద నుంచి వెళ్తోంది. సీటు స్ప్రింగు ఒకటి ఊడి, కూర్చున్నప్పుడల్లా వైరుని నొక్కి నొక్కి కోసేసింది. ఐసీ లేదు, గియిసీ లేదు. వైరు కలిపి ఇన్సులేషన్ టేపు చుట్టాడు, డబ్బు కూడా తీసుకోలేదు. బ్లూటూత్ బేరానికి ఒప్పుకుని ఉంటే కొత్త డెక్‌కి కూడా ఎడమ స్పీకరు మూగగానే ఉండేది. ఆ ఎలక్ట్రీషియన్ అప్పుడేం చెప్పేవాడో వినాలని ఉండేది.

రెండు స్పీకర్లూ వచ్చాక ఎనభైల పాటలు బతికాయి. నిజం చెప్పాలంటే, రావులపాలెం దగ్గర టీ కోసం ఆగి ఇంజిన్ ఆపేసినప్పుడు 'ఆమని పాడవే' వింటే, పాత పాటే గొప్ప అని ఇందాక అన్నదాని మీద నాకే కొంచెం అనుమానం వస్తుంది. ఇంజిన్ స్టార్ట్ చేయగానే ఆ అనుమానం పోతుంది. అందుకని ఇప్పుడు నడిచేటప్పుడు జిక్కి, ఆగినప్పుడు ఇళయరాజా అని సర్దుకున్నాను. పిల్లలు ఎక్కితే ఈ ఏర్పాటు సాగదు, ఫోన్లో వాళ్లవి వాళ్లు పెట్టుకుంటారు.

మీరూ ఇలాంటి బండిలో క్యాసెట్ డెక్ ఉంచుకోవాలా అంటే, మీరు ఎక్కడ నడుపుతారన్నదాన్ని బట్టి ఉంటుంది. నావి పొద్దున్నే కాలవ గట్టు మీద తిరుగుళ్లు, తొందర లేదు, పైగా మావగారి మొహం చూడాలి. హైదరాబాద్ ట్రాఫిక్‌లో ఐతే నేనే బ్లూటూత్ పెట్టించుకునేవాణ్ణి. మా కోస్తా తేమకి టేపుల మీద తెల్లగా బూజు పడుతుంది, ఎండలో డాష్‌బోర్డు మీద వదిలేస్తే క్యాసెట్ వంకర పోతుంది. కొత్తవి ఇప్పుడు షాపుల్లో దొరకవు, పాత సామాన్ల కొట్లో ఏది దొరికితే అదే. మా 'మిస్సమ్మ' ఒక వైపు ఇప్పటికే డెక్ నమిలేసింది. మంచి ప్రింటు మోనో క్యాసెట్ ఎవరి దగ్గరైనా ఉంటే, ధర మరీ ఎక్కువ చెప్పకపోతే, నేను తీసుకుంటాను.